దిబ్బ మీది బ్యారక్స్, ఆర్కాటు లెక్కలు

మా ఇంట్లో పిల్లలకి చరిత్ర చెప్పాలంటే వేలూరు కోట దగ్గరే మొదలుపెడతాం. మేము ఆర్కాటు సీమ తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, బళ్ళో ఇంగ్లీషు. మా పూర్వీకులు ఆర్కాటు నవాబు కచేరీలో శిస్తు లెక్కలు రాశారని తాతలనాటి నుంచి చెప్పుకునే మాట ఒకటుంది. పెళ్ళికో, సీమంతానికో నలుగురం చేరితే ఎవరో ఒక పెద్దాయన "మనది నవాబు కొలువు చేసిన ఇల్లురా" అనకుండా భోజనాలు ముగియవు. ఆ మాటకీ, స్కాట్లాండ్ కొండల్లో పైకప్పు లేకుండా నిలబడ్డ ఒక బ్యారక్స్‌కీ మధ్య దారి ఉందని నిరుడు వేసవి దాకా మాకు తెలియదు.

మా పిన్ని కూతురు ఉద్యోగం మీద ఇన్వర్నెస్‌లో ఉంటోంది. తనని చూడ్డానికి ఎడింబరో నుంచి రైల్లో వెళ్తున్నాం. కొండలు దాటి స్పే నది లోయలోకి దిగాక, కింగ్యూసీ అనే చిన్న స్టేషన్ దగ్గరలో, చిత్తడి నేల మధ్య ఒక పచ్చటి దిబ్బ కనిపించింది. దాని మీద బూడిదరంగు రాతి గోడలు, వరసగా కిటికీల ఖాళీలు. మాతో వచ్చిన చిన్నది అద్దానికి ముక్కు ఆనించి, "అది ఎవరి ఇల్లు?" అంది. కోట అని చెప్పాం. మా అక్కయ్య సర్దింది: "కోట కాదే, బ్యారక్స్. రూత్వెన్ బ్యారక్స్. వచ్చేటప్పుడు దిగి చూద్దాం."

తిరుగు ప్రయాణంలో దిగాం. స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు రెండు భాషల్లో ఉంది, ఇంగ్లీషులోనూ, గేలిక్‌లోనూ. గేలిక్‌లో ఆ పేరుకి 'పైన్ అడవి మొదలు' అని అర్థమట. ఊరు దాటి, స్పే మీద వంతెన దాటి కొంచెం దూరం నడిస్తే దిబ్బ వస్తుంది. టిక్కెట్టు లేదు. గొర్రెలు మేస్తుంటాయి. కిందంతా ఇన్ష్ చిత్తడి నేలలు, వాన పడితే నది ఒడ్డు ఎక్కడో తెలియదు.

ముందు ఆ దిబ్బ సంగతి. 13వ శతాబ్దంలోనే కొమిన్ వంశం వాళ్ళకి ఇక్కడ కోట ఉండేది. తరవాత అది బాడెనోక్ తోడేలు అని పేరుపడ్డ అలెగ్జాండర్ స్టువర్ట్ చేతికొచ్చింది. రాజుగారి కొడుకై ఉండి 1390లో ఎల్గిన్ చర్చిని తగలబెట్టిన ఘనుడు ఆయన. 1451లో ఆ కోట పడింది, మళ్ళీ కట్టారు, 1689 తిరుగుబాటులో మళ్ళీ దెబ్బతింది. చుట్టూ బురద నేల, మధ్యలో ఎత్తు, కింద నది దాటే రేవు. దారిని చేతిలో పెట్టుకోవాలనుకున్న ప్రతివాడి కన్నూ ఆ దిబ్బ మీదే పడింది. మన వేపు కొండకోటలు చూసినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

1715లో ఉత్తర స్కాట్లాండ్ కొండజనం లండన్ మీద తిరగబడ్డారు. జర్మనీ నుంచి వచ్చి గద్దెనెక్కిన జార్జి రాజు మాకొద్దు, పాత స్టువర్ట్ వంశమే రావాలన్నది వాళ్ళ పట్టు. ఆ పక్షం వాళ్ళని జాకోబైట్లు అంటారు. తిరుగుబాటు అణిగింది. 1719లో మళ్ళీ ఒకటి లేచి, గ్లెన్ షీల్ దగ్గర అణిగింది. అప్పుడు లండన్ సర్కారు కొండల నడుమ నాలుగు చోట్ల బ్యారక్స్ కట్టించింది. కిలివైమెన్, ఇన్వర్‌స్నెయిడ్, బెర్నెరా, నాలుగోది ఈ రూత్వెన్. 1719లో మొదలై రెండేళ్ళలో పని అయింది. పాత కోట మిగులు ఏమీ కనపడకుండా దాని చోటునే కట్టారు.

లోపలికి వెళ్తే కట్టడం తీరు ఇట్టే అర్థమవుతుంది. మధ్యలో చదరపు కవాతు మైదానం. దానికి అటొకటి, ఇటొకటి ఎదురెదురుగా రెండు పొడుగాటి భవనాలు, ఒక్కొక్కటి మూడంతస్తులు. ఒక్కో అంతస్తుకి రెండు గదులు, మధ్యలో మెట్లు. గదికి పదిమంది సిపాయిలు, ఒక్కో మంచం మీద ఇద్దరు. మా పిల్లలు అక్కడే వేళ్ళ మీద లెక్క కట్టారు: ఒక భవనానికి ఆరు గదులు, అరవై మంది. రెండింటికీ కలిపి నూట ఇరవై. గది గోడలో చలిమంట పొయ్యి ఇప్పటికీ కనిపిస్తుంది. కప్పు, నేల చెక్కలు పోయాయి కాబట్టి మైదానంలో నిలబడి తల ఎత్తితే ఒకదాని మీద ఒకటిగా మూడు పొయ్యిలు గోడకి వేలాడుతున్నట్టు ఉంటాయి. ఆకాశంలో వంట చేసుకున్నారా అని నవ్వుకున్నాం.

చుట్టూ ఎత్తయిన ప్రహరీ. గోడ లోపలి వేపు వరసగా రాతి కమానులు, కమాను లోతులో తుపాకీ పెట్టి కాల్చడానికి సన్నటి కన్నాలు. కమానుల పైన నడవా, అక్కడా సిపాయి నిలబడి కాల్చొచ్చు. రెండు ఎదురు మూలల్లో మాత్రం బురుజులు ముందుకి పొడుచుకొచ్చి ఉంటాయి. నాలుగు మూలలకీ ఎందుకు లేవు అని మా బావగారికి సందేహం వచ్చింది. ఆయన సివిల్ ఇంజినీరు, చుట్టూ తిరిగి తనే జవాబు చెప్పారు. ఒక్కో బురుజు నుంచి రెండు గోడల పొడుగునా గురి చూడొచ్చు. ఎదురు మూలల్లో రెండు కడితే నాలుగు గోడలూ కాపలాలోకి వస్తాయి, రాయి, కూలి సగం మిగులుతాయి.

ఇంకో సంగతి కూడా ఆయనే చూపించారు. ఈ గోడలు ఫిరంగి దెబ్బకి ఆగేవి కావు. మన వేలూరు కోటకి నీళ్ళ కందకం ఉంది, బలిసిన రాతి గోడలున్నాయి. పరాయి రాజు ఫిరంగులతో సైన్యాన్ని వేసుకొస్తాడని తలచి కట్టిన కట్టడం అది. ఇక్కడ కందకం లేదు, మట్టి కట్టలు లేవు. ఎందుకంటే లండన్‌వాళ్ళు భయపడింది పరాయి సైన్యానికి కాదు. కింద పల్లెల్లో ఆవులు కాచుకునే జనానికి. వాళ్ళ దగ్గర కత్తులు, తుపాకులు ఉంటాయి గానీ ఫిరంగులుండవు. వాళ్ళని ఆపడానికి ఈ మాత్రం గోడ చాలనుకున్నారు. ఎవరిని చూసి భయపడ్డారో గోడ మందమే చెబుతోంది.

1724లో జనరల్ వేడ్ వచ్చాడు. బ్యారక్స్ ఉంటే సరిపోదు, వాటి మధ్య సైన్యం నడవడానికి దారి ఉండాలని ఏళ్ళ తరబడి కొండల్లో రోడ్లు, వంతెనలు వేయించాడు. పెర్త్ నుంచి, ఇన్వర్నెస్ నుంచి, ఫోర్ట్ అగస్టస్ నుంచి వచ్చే దారులు ఈ రూత్వెన్ దగ్గర కలిశాయి. ఆ దారుల్లో గస్తీ తిరిగే గుర్రపు దండు కోసం 1734లో ఇక్కడే, ప్రహరీ బయట కొంచెం ఎడంగా, సుమారు 30 గుర్రాలకి సరిపడే శాల కట్టించాడు. అదీ ఇప్పటికి గోడలతో ఉంది.

ఇంత చేస్తే, అసలు అవసరం పడ్డప్పుడు బ్యారక్స్‌లో ఉన్నది ఎంతమంది? 1745 ఆగస్టులో బానీ ప్రిన్స్ చార్లీ అని జనం పిలుచుకున్న చార్లెస్ స్టువర్ట్ జెండా ఎత్తి దక్షిణానికి కదిలాడు. నూట ఇరవై మంది కోసం కట్టిన చోట అప్పుడున్నది మలోయ్ అనే ఒక ఐరిష్ సార్జెంటు, అతని కింద డజను మంది పైచిలుకు. రెండు మూడు వందల మంది జాకోబైట్లు వచ్చి లొంగిపొమ్మన్నారు. మలోయ్ ఒప్పుకోలేదు. తలుపుకి నిప్పు పెడితే పైనుంచి నీళ్ళు పోసి ఆర్పారు. మలోయ్ వేపు పోయింది ఒక్కడే. వచ్చినవాళ్ళు వెనక్కి తగ్గారు. మా బావగారు చెప్పినట్టే, ఫిరంగి లేనివాళ్ళ మీద ఆ గోడ పనిచేసింది. 1746 ఫిబ్రవరిలో వాళ్ళే ఫిరంగులతో తిరిగొచ్చారు. ఈసారి మలోయ్‌కి గత్యంతరం లేక, తన మనుషుల్ని క్షేమంగా పోనిచ్చే షరతు మీద బ్యారక్స్ అప్పగించాడు.

రెండు నెలలు తిరక్కుండా, ఏప్రిల్ 16న, ఇన్వర్నెస్ పక్కన కల్లోడెన్ మైదానంలో జాకోబైట్ల పని అయిపోయింది. గంట కూడా పట్టలేదా యుద్ధం. మిగిలినవాళ్ళు, వేలమంది, మళ్ళీ కూడగట్టుకుందామని ఈ రూత్వెన్ దిబ్బ దగ్గరే చేరారు. ప్రిన్స్ వస్తాడని ఎదురుచూశారు. ఆయన రాలేదు, కబురొచ్చింది: ఎవరి దారి వాళ్ళు చూసుకోండని. అప్పుడు వాళ్ళు బ్యారక్స్‌కి నిప్పుపెట్టి, తలోదిక్కూ వెళ్ళిపోయారు. ఆ తరవాత దాన్నెవరూ బాగుచెయ్యలేదు. మనం చూసేది ఆ మంట మిగిల్చిన గోడలే.

దిబ్బ కింద అప్పట్లో రూత్వెన్ అని ఊరుండేది. ఆ ఊళ్ళో 1736లో పుట్టిన పిల్లాడు ఒకడు బ్యారక్స్ కాలేనాటికి తొమ్మిదేళ్ళవాడు. పేరు జేమ్స్ మాక్‌ఫర్సన్. ఆ చుట్టుపక్కల మాక్‌ఫర్సన్లకి పెద్ద క్లూనీ దొర. కల్లోడెన్ తరవాత సర్కారు సైన్యం ఆ దొర ఇల్లు తగలబెట్టింది. ఆయన తన జనం మధ్యే తొమ్మిదేళ్ళు కొండల్లో దాక్కుని, చివరికి ఫ్రాన్సు పోయాడు. కొండజనం ఆయుధాలు దించాలన్నారు. చారల బట్ట కట్టకూడదని చట్టం చేశారు, అది 1782 దాకా సాగింది. సర్కారు పటాలంలో చేరిన సిపాయికి మాత్రం ఆ బట్ట తప్పు కాదు. వేలూరువాళ్ళం కాబట్టి ఈ ముక్క దగ్గర మేము ఆగిపోయాం. 1806లో మన కోటలో సిపాయిలు తిరగబడింది కూడా కొత్త తలపాగా పెట్టుకోవాలి, నుదుట బొట్టు ఉండకూడదు, గడ్డం తీయాలి అన్న ఉత్తరువుల మీదే. జూలై 10 తెల్లవారుజామున వాళ్ళు మొదట తుపాకులు ఎక్కుపెట్టింది తెల్ల సిపాయిలు నిద్రపోతున్న బ్యారక్స్ మీదే.

జేమ్స్ చదువుకున్నాడు, సొంత ఊరి బళ్ళోనే కొన్నాళ్ళు పంతులుగా ఉన్నాడు. తరవాత కొండల్లో తిరిగి ముసలివాళ్ళ నోట ఉన్న గేలిక్ పాటలు పోగుచేశానని, అవి ఓషియన్ అనే ప్రాచీన కవివని, 1760 నుంచి ఇంగ్లీషులో అచ్చువేశాడు. యూరప్ అంతా ఊగిపోయింది. సగం నువ్వే కల్పించావని డాక్టర్ జాన్సన్ లాంటి పండితులు దుమ్మెత్తిపోశారు. పాత పాటల్ని తీసుకుని, తన సొంతం చాలా కలిపాడన్నది తరవాతి పరిశోధకులు తేల్చిన మాట. ఏమైతేనేం, ఓడిపోయి నోరు మూసుకున్న జనానికి ప్రపంచంలో ఒక పేరు తెచ్చాడు.

ఇక్కడి దాకా మాకు ఆయన మీద మనసు పడిపోయింది. పెద్దల నోటి మాటని పోగొట్టుకోకూడదని మనం పడే తాపత్రయమే కదా అనుకున్నాం. ఆ తరవాత కథ మలుపు తిరుగుతుంది.

జేమ్స్ బంధువు జాన్ మాక్‌ఫర్సన్ ఓడ మీద మద్రాసు వచ్చి, ఆర్కాటు నవాబు మహమ్మదలీ వాలాజాకి దగ్గరయ్యాడు. నవాబు తరఫున లండన్‌లో మాట్లాడే మనిషిగా కుదిరాడు, తరవాత కంపెనీ కొలువులోకి మారాడు. 1781లో పెద్ద పదవి మీద కలకత్తా వెళ్తూ, నవాబు ఏజెంటు పనిని జేమ్స్‌కి అప్పజెప్పాడు. ఈ జాన్ 1785-86లో తాత్కాలిక గవర్నర్ జనరల్ కూడా అయ్యాడు. జేమ్స్ 1780 నుంచి పార్లమెంటు సభ్యుడు. అక్కడ కూర్చుని ఆయన కాపాడింది మన నవాబుగారి వ్యవహారాలు.

ఆ వ్యవహారాలేమిటో ఆర్కాటు సీమవాళ్ళకి చెప్పాలా? నవాబు మద్రాసులో చేపాక్కం మహలు కట్టుకుని, కంపెనీ ఉద్యోగులు సొంతంగా ఇచ్చిన అప్పుల్లో మునిగాడు. భారీ వడ్డీలు. అప్పు కింద ఫలానా తాలూకా శిస్తు ఫలానా దొరకి అని రాసిచ్చేవాడు. ఆ రాతని తనఖా అనేవాళ్ళు. మనం ఇవాళ ఇల్లు తాకట్టు పెడితే వాడే మాట అదే. నవాబు ఏలుబడి అరవ దేశంలోనే కాదు, నెల్లూరు, చంద్రగిరి మీదుగా తెలుగు పల్లెల దాకా ఉండేది. ఆ రైతు ధాన్యం అమ్మి కట్టిన శిస్తు చేతులు మారి మారి లండన్ చేరింది. 1785లో ఎడ్మండ్ బర్క్ పార్లమెంటులో ఈ అప్పుల మీద గంటల తరబడి నిప్పులు కురిపించాడు. ఎదటి వేపు బల్లల మీద నవాబు మనుషులు కూర్చుని ఉన్నారు. 1801లో ఆ రాజ్యం మొత్తం కంపెనీ చేతిలోకి పోయింది.

జేమ్స్ మాక్‌ఫర్సన్ ఆ సంపాదనతో చివరి రోజుల్లో సొంత సీమకి తిరిగొచ్చి, కింగ్యూసీకి కొంచెం అవతల భూమి కొని, రాబర్ట్ ఆడమ్ అనే పేరున్న శిల్పి చేత ఇల్లు వేయించుకున్నాడు. బాలవిల్ అంటారు దాన్ని. 1796లో అందులోనే పోయాడు. సంపాదనంతా నవాబుదే అనం. పుస్తకాలు రాశాడు, సర్కారు భత్యం కూడా ఉండేది. కానీ మన సొమ్ము అందులో లేదనడం మాత్రం కుదరదు.

దిబ్బ మీద నిలబడి ఈ సంగతులు మా అక్కయ్య చెబుతుంటే, పెద్దవాళ్ళం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. తాలూకా శిస్తు ఎంత, ఎవరికి ఎంత తనఖా అని లెక్క రాసేది ఎవరు? నవాబు రాయడు, దొర రాయడు. కచేరీలో చాప మీద కూర్చుని, చెవిలో కలం పెట్టుకున్న మనలాంటి ఇళ్ళ వాళ్ళు రాశారు. మన ఇంటి గొప్పగా చెప్పుకునే కొలువు అదే. బ్యారక్స్ నీడలో పెరిగి, తనవాళ్ళ ఇళ్ళు కాలడం చూసిన పిల్లాడు పెద్దయి ఇంకో దేశపు రైతు శిస్తు మీద బతికాడని ఆయన్ని తప్పుపట్టబోతే, ఆ వేలు మన వేపుకి కూడా తిరుగుతోంది. ఆ లెక్క రాసిన చేతికి కూడా కింద పల్లెలో చుట్టాలు ఉండే ఉంటారు.

సిపాయిల సంగతీ ఇంతే. రూత్వెన్ కాలిపోయాక సర్కారు ఇన్వర్నెస్ పక్కన సముద్రపు ఒడ్డున ఫోర్ట్ జార్జి కట్టింది. 1748 నుంచి 1769 దాకా పట్టింది. 42 ఎకరాలు, రెండు లక్షల పౌన్ల పైన ఖర్చు. ఈసారి ఫిరంగులకి తట్టుకునేట్టే కట్టారు. దాని మీదకి మాత్రం ఎవరూ ఎప్పుడూ రాలేదు. పని పూర్తయ్యేసరికి కొండజనంలో తిరగబడే సత్తువ లేదు, వాళ్ళ కొడుకులు ఆ పటాలాల్లోనే చేరారు. 1780లో మాక్‌లియడ్ కొండ పటాలం మద్రాసులో దిగింది. ఆ సెప్టెంబరులో కాంచీపురం దగ్గర పొళ్ళిలూరులో హైదరలీ, టిప్పుల చేతిలో కర్నల్ బెయిలీ దళం తుడిచిపెట్టుకుపోయినప్పుడు ఆ పటాలపు జవాన్లు అందులో ఉన్నారు. బెయిలీ కూడా ఇన్వర్నెస్ పక్కవాడే, శ్రీరంగపట్నం చెరలో పోయాడు. ఆ దళంలో వాళ్ళకంటే ఎక్కువమంది మద్రాసు సిపాయిలు. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళు ఎంతమంది ఉండేవారో తెలిసిందే. రెండు భాషల వాళ్ళు, ఎవరి మాట ఎవరికీ తెలియనివాళ్ళు, మూడోవాడి జీతానికి ఒకే పొలంలో పడిపోయారు.

రూత్వెన్ ఊరు ఇప్పుడు లేదు. 18వ శతాబ్దం చివర్లో గోర్డన్ ప్రభువు నదికి అవతల కింగ్యూసీని కొత్తగా గీతలు గీసి కట్టించాక జనం అటు కదిలారు. ఊరిని కాయడానికి కట్టిన గోడలు మిగిలాయి, ఊరు పోయింది. రాత్రిపూట ఆ గోడల మీద దీపాలు వేస్తారు, రోడ్డు మీద పోయేవాళ్ళకి బంగారంలా కనిపిస్తుంది.

రైలెక్కాక చిన్నది మళ్ళీ అదే అడిగింది, అది ఎవరి ఇల్లని. ఈసారి తిన్నగా చెప్పాం. అది ఎవరి ఇల్లూ కాదమ్మా, ఇక్కడివాళ్ళని కాపలా కాయడానికి పైవాళ్ళు కట్టింది, ఇక్కడివాళ్ళు తగలబెట్టారు, వాళ్ళలో ఒకడు మన ఊరి డబ్బుతో ఆ పక్కన ఇల్లు కట్టుకున్నాడు, ఆ డబ్బు లెక్క మన తాతలు రాశారు అని. అది కాసేపు ఆలోచించి, "తాతలకి తెలుసా, డబ్బు ఎక్కడికి పోతోందో?" అంది.

ఎవరం జవాబు చెప్పలేకపోయాం. ఈసారి పెళ్ళిలో పెద్దాయన నవాబు కొలువు మాట ఎత్తినప్పుడు, అడ్డు చెప్పం. ఆయన చెప్పడం అయ్యాక మిగతా సగం మేము చెబుతాం, ఈ చిన్నదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని.